సర్క్యూట్ల వేడి: వాల్వుల నాటి నుంచి నేటి దాకా

కరెంటు పారే ప్రతి తీగా ఎంతో కొంత వేడెక్కుతుంది. 1840 ప్రాంతంలో జేమ్స్ జౌల్ ఈ వేడికి లెక్క కట్టాడు: కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది. ఇస్త్రీపెట్టెకూ హీటరుకూ ఈ వేడే ప్రయోజనం. రేడియోకూ కంప్యూటరుకూ మాత్రం అది వదిలించుకోవలసిన బరువు. కంప్యూటరు ఎన్ని లెక్కలు చేసినా, ఎన్ని బొమ్మలు చూపినా, అది తీసుకున్న కరెంటు దాదాపు మొత్తం చివరికి వేడిగానే తేలుతుంది. 100 వాట్లు తీసుకునే ప్రాసెసర్ 100 వాట్ల వేడిని వదులుతుంది. ఆ వేడి పుట్టిన వేగంతోనే బయటికి పోకపోతే ఉష్ణోగ్రత పెరుగుతూ పోయి భాగాలు పాడవుతాయి.

వేడిని బయటికి పంపే దారులు మూడే: ఘనపదార్థం గుండా వహనం, గాలి లేదా ద్రవం మోసుకుపోయే సంవహనం, ఉపరితలం నుంచి వెలువడే వికిరణం. గత నూరేళ్లలో ఇంజినీర్లు చేసిందల్లా ఈ మూడింటినీ రకరకాలుగా కలపడమే. అయితే ఈ చరిత్ర తిన్నగా ముందుకు సాగలేదు. వాల్వు పోయి ట్రాన్సిస్టర్ వచ్చినప్పుడు ఒకసారి, పాతరకం చిప్పుల స్థానంలో సీమాస్ చిప్పులు వచ్చినప్పుడు మరోసారి వేడి బెడద తీరినట్టే కనిపించింది. రెండుసార్లూ మిగిలిన వెసులుబాటును ఇంకా ఎక్కువ భాగాలను ఇరికించడానికీ ఇంకా వేగంగా నడపడానికీ వాడుకున్నారు. వేడి మళ్లీ వచ్చింది, ప్రతిసారీ మునుపటికన్నా చిన్న చోట పోగుపడి.

వేడితోనే పనిచేసే వాల్వు

1904లో జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగ్ రెండు ఎలక్ట్రోడ్ల వాల్వును, 1906లో లీ డి ఫారెస్ట్ మూడో ఎలక్ట్రోడు చేర్చిన ఆడియాన్‌ను తయారుచేశారు. వాల్వులో వేడి మిగులు కాదు, అవసరం. కాథోడు ఎర్రగా కాలితే తప్ప దాన్నుంచి ఎలక్ట్రాన్లు వెలువడవు. తర్వాతి కాలంలో విరివిగా వాడిన 6ఎస్ఎన్7 వాల్వునే తీసుకుంటే, దాని హీటరుకు 6.3 వోల్టుల వద్ద 0.6 ఆంపియర్లు కావాలి. అంటే ఇంకా ఏ పనీ మొదలుకాకముందే 3.8 వాట్ల దాకా ఖర్చన్నమాట. వాల్వు రేడియో మీట నొక్కాక పాట వినిపించడానికి కొంతసేపు ఆగవలసి రావడం, వెనక అట్టకు వరసగా రంధ్రాలుండడం, పెట్టె పైభాగం గోరువెచ్చగా తగలడం ఈ హీటర్ల వల్లే.

వాల్వు లోపల శూన్యం కనుక ఆనోడు మీద పుట్టిన వేడి వికిరణం ద్వారానే గాజును దాటాలి. నల్లటి ఉపరితలం వేడిని బాగా వెదజల్లుతుంది. అందుకే చాలా వాల్వుల్లో ఆనోడుకు మసిరంగు పూత వేసేవారు. లోపలి ఎలక్ట్రోడ్లను కదలకుండా పట్టి ఉంచడానికి అభ్రకం బిళ్లలు వాడేవారు. కరెంటును పారనివ్వకుండా, వేడికి చెదరకుండా, పలచటి రేకులుగా చీలగల పదార్థం అభ్రకమే. అప్పట్లో ప్రపంచానికి అభ్రకపు రేకులు పంపిన దేశాల్లో భారత్ ముందుండేది. బీహారు గనుల తర్వాత పేరున్నవి నెల్లూరు జిల్లా గూడూరు, సైదాపురం ప్రాంతపు గనులు. అక్కడి ఆకుపచ్చ ఛాయ అభ్రకానికి వ్యాపారంలో ప్రత్యేక గుర్తింపు ఉండేది. వాల్వుల తర్వాత ట్రాన్సిస్టర్ల కాలంలోనూ వేడి దారిలో అభ్రకానికి పని దొరికింది.

రేడియో ప్రసార కేంద్రాల్లోని వాల్వులకు వికిరణం ఒక్కటే చాలలేదు. బెల్ సంస్థ ఇంజినీరు విలియం హౌస్‌కీపర్ రాగిని గాజుకు గాలి చొరకుండా అతికే పద్ధతి కనిపెట్టాక, రాగి ఆనోడునే వాల్వు బయటి గోడగా చేసి దాని చుట్టూ నీళ్లు పారించడం సాధ్యమైంది. అందులో ఒక చిక్కుంది. ఆ ఆనోడు మీద వేల వోల్టులుంటాయి. మామూలు నీళ్లు పోస్తే కరెంటు వాటి గుండా భూమికి దిగిపోతుంది. అందుకని స్వేదనజలం వాడి, నీటిగొట్టాన్ని పొడవుగా చుట్టలు చుట్టేవారు. నీటి దారి ఎంత పొడవైతే లీకయ్యే కరెంటు అంత తక్కువ. 1934లో అమెరికాలోని సిన్సినాటి దగ్గర డబ్ల్యూఎల్‌డబ్ల్యూ కేంద్రం 500 కిలోవాట్లతో ప్రసారం మొదలుపెట్టినప్పుడు, ట్రాన్స్‌మిటర్ వేడిని చల్లార్చడానికి ఆవరణలో ఫౌంటెన్లున్న చెరువు తవ్వించారు.

వేల వాల్వులు ఒకే గదిలో చేరింది కంప్యూటర్ల రాకతోనే. 1946 ఫిబ్రవరిలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో లోకానికి చూపించిన ఎనియాక్‌లో సుమారు 18,000 వాల్వులుండేవి. అది తీసుకున్న కరెంటు ఇంచుమించు 150 కిలోవాట్లు. వేడిగాలిని తోసెయ్యడానికి పెద్ద బ్లోయర్లు పెట్టారు. ప్రధాన ఇంజినీరు ప్రెస్పర్ ఎకర్ట్ వేడి తాకిడిని తగ్గించే మరో ఉపాయం పట్టాడు: ప్రతి భాగాన్నీ దాని గరిష్ఠ సామర్థ్యానికి బాగా దిగువనే నడపడం. తక్కువ భారం వేసిన భాగం తక్కువ వేడెక్కి ఎక్కువకాలం మన్నుతుంది. ఈ జాగ్రత్త నేటికీ డిజైనర్లకు మొదటి పాఠం. ఎనియాక్ నడిపినవారు మరొకటి గమనించారు. వాల్వులు ఎక్కువగా మాడేది యంత్రం నడుస్తున్నప్పుడు కాదు, ఆపి మళ్లీ వేసినప్పుడు. వేడెక్కి వ్యాకోచించి, చల్లారి సంకోచించే లోహం అలసిపోతుంది. అందుకని వీలైనంతవరకు యంత్రాన్ని ఆపకుండానే ఉంచేవారు. ఎక్కువ ఉష్ణోగ్రత ఎంత చేటో, ఉష్ణోగ్రత మాటిమాటికీ మారడం కూడా అంతే చేటని అప్పుడే తేలింది.

1958 నుంచి అమెరికా గగనతల రక్షణకు వాడిన సేజ్ వ్యవస్థ వాల్వుల కాలపు చివరి అంచు. ఐబీఎం కట్టిన ఆ యంత్రంలో సుమారు 50,000 వాల్వులు, ఒక్కో కేంద్రానికి 3 మెగావాట్ల దాకా కరెంటు. భారతదేశంలో బొంబాయి టాటా పరిశోధనా సంస్థ సొంతంగా నిర్మించి 1960లో నడిపించిన టిఫ్రాక్‌లో 2,700 వాల్వులుండేవి.

ట్రాన్సిస్టర్, హీట్‌సింక్

1947 డిసెంబరులో బెల్ ప్రయోగశాలలో బార్డీన్, బ్రాటైన్ ట్రాన్సిస్టర్‌ను పనిచేయించి చూపారు. దానికి హీటరు అక్కర్లేదు. వాల్వు వాట్లలో తినే చోట ట్రాన్సిస్టర్‌కు మిల్లీవాట్లు చాలు. వేడి సమస్య ముగిసిందని ఆశపడడానికి తగినంత కారణమే ఉంది.

కానీ ట్రాన్సిస్టర్ వేడిని పెద్దగా పుట్టించకపోయినా వేడికి తట్టుకోవడంలో వాల్వు కన్నా చాలా సుకుమారం. తొలినాటి జెర్మేనియం ట్రాన్సిస్టర్లు 80, 90 డిగ్రీలు దాటితే పనికిరాకుండా పోయేవి. పైగా వాటిలో ఒక విషవలయం ఉంది. అర్ధవాహకంలో ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగేసరికి లీకేజీ కరెంటు దాదాపు రెట్టింపవుతుంది. కరెంటు పెరిగితే వేడి పెరుగుతుంది, వేడి పెరిగితే కరెంటు ఇంకా పెరుగుతుంది. వేడిని లాగేసే దారి లేకపోతే కొద్దిసేపట్లో ట్రాన్సిస్టర్ తనను తానే కాల్చుకుంటుంది. 1954లో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో గోర్డన్ టీల్ బృందం సిలికాన్ ట్రాన్సిస్టర్‌ను తెచ్చాక కొంత తెరిపి దొరికింది. సిలికాన్ 150 డిగ్రీల పైన కూడా పనిచేస్తుంది. జెర్మేనియంను వెనక్కి నెట్టి సిలికాన్ నిలదొక్కుకోవడానికి వేడికి ఓర్చుకునే ఈ గుణం ముఖ్య కారణాల్లో ఒకటి.

ఆంప్లిఫయర్లలో, పవర్ సప్లైలలో పదుల వాట్లు మోయవలసిన ట్రాన్సిస్టర్ల కోసం 1950ల నడుమ టీఓ-3 అనే లోహపు డిబ్బీ రూపం వచ్చింది. రెండు మూలల్లో స్క్రూ రంధ్రాలున్న ఈ డిబ్బీని అల్యూమినియం హీట్‌సింక్‌కు బిగిస్తారు. డిబ్బీ లోహమే ట్రాన్సిస్టర్ కలెక్టర్ కనుక అది నేరుగా హీట్‌సింక్‌కు తగలకూడదు. వేడి దాటాలి, కరెంటు దాటకూడదు. మధ్యలో పలచటి అభ్రకం రేకు పెట్టి, రెండువైపులా తెల్లటి పేస్టు పూసేది అందుకే. ఆ పేస్టు సిలికోన్ నూనెలో జింక్ ఆక్సైడ్ కలిపిన ముద్ద. నున్నగా కనిపించే రెండు లోహాలు కూడా కొన్ని చోట్లే నిజంగా తగులుతాయి, మిగతా సందుల్లో గాలి ఉంటుంది. గాలి వేడిని దాదాపు ఆపేస్తుంది. పేస్టు ఆ సందుల్ని నింపుతుంది. హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీ లాంటి ఎలక్ట్రానిక్ సామాను అంగళ్లలో ట్రాన్సిస్టర్, అభ్రకం రేకు, హీట్‌సింక్ కలిపి అడిగి తీసుకునే అలవాటు ఇలా ఏర్పడిందే.

ఈ తరం ట్రాన్సిస్టర్లలో అందరికీ తెలిసింది 1960ల తొలినాళ్లలో ఆర్‌సీఏ విడుదల చేసిన 2ఎన్3055. దాని డేటాషీట్‌లో 115 వాట్లని ఉంటుంది. ఆ అంకెను చూసి హీట్‌సింక్ లేకుండా బిగించినవారు చేతులు కాల్చుకున్నారు. డిబ్బీ ఉష్ణోగ్రత 25 డిగ్రీల వద్ద నిలిచి ఉంటేనే ఆ 115 వాట్లు. నిజమైన లెక్కకు ఉష్ణనిరోధం కావాలి. ఓమ్ నియమంలో వోల్టేజీ, కరెంటు, నిరోధం ఉన్నట్టే ఇక్కడ ఉష్ణోగ్రతల తేడా, వేడి ప్రవాహం, ఉష్ణనిరోధం ఉంటాయి. 2ఎన్3055లో సిలికాన్ నుంచి డిబ్బీ దాకా నిరోధం వాటుకు 1.52 డిగ్రీలు. పేస్టు పూసిన అభ్రకానికి 0.5, హీట్‌సింక్‌కు 2 అనుకుంటే మొత్తం 4 డిగ్రీల పైచిలుకు. 30 వాట్లు పారితే సిలికాన్ బయటి గాలికన్నా 120 డిగ్రీలు వేడిగా ఉంటుంది. గది 40 డిగ్రీలైతే లోపల 160. గరిష్ఠ పరిమితి 200 కనుక గట్టెక్కుతుంది. పేస్టు పూయడం మరిచి అభ్రకపు నిరోధం 1.2కు పెరిగితే లోపలి ఉష్ణోగ్రత మరో 20 డిగ్రీలు ఎక్కి ప్రమాదపు అంచుకు చేరుతుంది. హీట్‌సింక్ ఎంపికంతా ఈ మూడు నిరోధాల కూడికే.

అచ్చు బోర్డు తెచ్చిన చిక్కు

వాల్వుల పరికరాల్లో భాగాలను లోహపు చాసిస్ మీద బిగించి తీగలతో కలిపేవారు. ఆ లోహం వేడిని కొంత పంచుకునేది. 1930లలో లండన్‌లో పాల్ ఐస్లర్ రాగిరేకును చెక్కి తీగల పని చేయించే అచ్చు సర్క్యూట్ బోర్డుకు రూపం ఇచ్చాడు. యుద్ధకాలంలో, ఆ తర్వాత 1950లలో అది పరిశ్రమంతటా పాకింది. తయారీ సులువైంది, చవకైంది, కానీ వేడి దారి మూసుకుపోయింది. నేడు ఎక్కువగా వాడే ఎఫ్ఆర్-4 బోర్డు గాజుదారాల్లో ఎపాక్సీ జిగురు పట్టించినది. దాని ఉష్ణవాహకత మీటరుకు డిగ్రీకి 0.3 వాట్ల వరకే. రాగిది 390 దాకా ఉంటుంది, అంటే వెయ్యింతల పైమాట.

అందుకే బోర్డు మీది రాగికి కరెంటు మోయడంతో పాటు వేడి మోసే పని కూడా పడింది. మామూలు బోర్డు మందం 1.6 మిల్లీమీటర్లు, దాని మీది రాగిపొర 35 మైక్రాన్లు. మొత్తం మందంలో రెండు శాతం చిల్లర మాత్రమే ఉన్న ఈ పొరే బోర్డు అంతటా పరిచి ఉంటే, అడ్డంగా వేడి పాకే శక్తిని ఇరవై, ముప్ఫై రెట్లు పెంచుతుంది. పలుపొరల బోర్డుల్లో గ్రౌండ్ కోసం వేసే నిండు రాగిపొరలు వేడికి కూడా రహదారులయ్యాయి. పై పొర నుంచి కింది పొరకు వేడి దిగడానికి చిప్పు కిందే చిన్న చిన్న రంధ్రాలు వేసి లోపల రాగి పూత పూస్తారు. వీటిని థర్మల్ వయాలంటారు. 1980లలో కాళ్ల చిప్పుల బదులు బోర్డు ఉపరితలం మీదే అతికే చిప్పులు ప్రబలాయి. వాటిలో చాలావాటికి పొట్టకింద ఒక లోహపు బిళ్ల ఉంటుంది, దాన్ని నేరుగా రాగికి టంకం వేస్తే వేడి బోర్డులోకి దిగుతుంది. ఎల్ఈడీ దీపాల్లో బోర్డే అల్యూమినియం పలక. దానిమీద పలచటి నిరోధక పొర, ఆపైన రాగి. చెడిపోయిన ఎల్ఈడీ బల్బు విప్పితే కనిపించే గుండ్రటి తెల్ల పలక అదే.

బోర్డులో వేడికి మొదట బలయ్యేది చిప్పు కాకపోవచ్చు. పవర్ సప్లైల్లో నిలువుగా నిలబడే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల ఒంటిమీద 85 లేదా 105 డిగ్రీలని అచ్చువేసి ఉంటుంది. దాని వెనకాల గంటల లెక్క ఉంటుంది. 105 డిగ్రీల వద్ద 2,000 గంటలు మన్నే కెపాసిటర్, ఉష్ణోగ్రత పది డిగ్రీలు తగ్గినప్పుడల్లా రెట్టింపు కాలం బతుకుతుంది. 75 డిగ్రీల వద్ద ఉంచితే 16,000 గంటలు. అదే కెపాసిటర్‌ను హీట్‌సింక్ పక్కనే పెడితే లోపలి ద్రవం ఆవిరై తొందరగా ఎండిపోతుంది. హీట్‌సింక్‌ను ఆనుకుని ఉన్న కెపాసిటర్లే ముందుగా ఉబ్బడానికి కారణం ఇదే.

పది డిగ్రీలకు ఆయుష్షు సగమనే ఈ సూత్రం 1889 నాటి స్వాంటే ఆరేనియస్ రసాయన సూత్రం నుంచి పుట్టింది. 1960లలో అమెరికా సైన్యం వెలువరించిన ఎంఐఎల్ 217 చేతిపుస్తకం దీన్ని అన్ని భాగాలకూ వర్తించే లెక్కగా మార్చింది. దశాబ్దాలపాటు అదే ప్రమాణం. తర్వాతి పరిశోధకులు దీన్ని గట్టిగా తప్పుపట్టారు. ఎన్నో వైఫల్యాలకు మూలం ఉష్ణోగ్రత ఎంతన్నది కాదు, అది ఎన్నిసార్లు ఎంత మారిందన్నది. సిలికాన్ ఒక డిగ్రీకి పది లక్షల్లో మూడు వంతులు వ్యాకోచిస్తే ఎఫ్ఆర్-4 పద్నాలుగు నుంచి పదిహేడు వంతులు వ్యాకోచిస్తుంది. వేడెక్కి చల్లారిన ప్రతిసారీ వాటిని కలిపిన టంకం అటూ ఇటూ లాగుడు పడి, చివరికి బీట వారుతుంది. పాత చిప్పుల కాళ్లు కాస్త వంగి ఈ లాగుడును తట్టుకునేవి. అడుగున టంకపు గుండ్లుండే చిప్పులకు ఆ వెసులుబాటు లేదు. 2007లో మైక్రోసాఫ్ట్ తన ఎక్స్‌బాక్స్ 360 ఆటపెట్టెల వారంటీని మూడేళ్లకు పెంచి, అందుకోసం వంద కోట్ల డాలర్లకు పైగా కేటాయించవలసి వచ్చింది. గ్రాఫిక్స్ చిప్పు దగ్గర వేడి, చల్లార్పుల మధ్య అతుకులు విడిపోవడమే ఆ బెడదకు మూలం.

నీళ్లు, ఫ్రియాన్, హీలియం

1960, 70లలో పెద్ద కంప్యూటర్లు బైపోలార్ ట్రాన్సిస్టర్లతో నడిచేవి. అవి వేగంగా పనిచేసేవి, పనిలేనప్పుడు కూడా కరెంటు తినేవి. చిప్పులు చిన్నవై దగ్గరికి చేరేకొద్దీ ఫ్యాను గాలి చాలలేదు. 1964లో ఐబీఎం ప్రకటించిన సిస్టమ్ 360 శ్రేణిలోని పెద్ద మోడళ్లలోనే బోర్డుల వరసల మధ్య నీటితో చల్లబరిచే గ్రిల్స్ పెట్టి, గాలిని మధ్యమధ్యలో చల్లార్చవలసి వచ్చింది.

1976లో లాస్ అలమోస్‌కు చేరిన తొలి క్రే-1 సూపర్ కంప్యూటర్ 115 కిలోవాట్లు తీసుకునేది. రెండేసి బోర్డుల మధ్య రాగిపలక బిగించి, ఆ పలక అంచులను నిలువు అల్యూమినియం కడ్డీల గాడుల్లో దిగ్గొట్టారు. కడ్డీల్లోని స్టీలు గొట్టాల గుండా ఫ్రియాన్ పారేది. యంత్రం గుండ్రటి ఆకారం, అడుగున బల్లలా చుట్టుకున్న దిమ్మె అందరికీ గుర్తు. ఆ దిమ్మె లోపల పవర్ సప్లైలుండేవి. ఈ ఏర్పాటు తేలిగ్గా కుదరలేదు. ఫ్రియాన్‌తో కలిసిన కందెన నూనె అతుకుల గుండా కారి బోర్డుల మీద పేరుకునేది. దాన్ని అరికట్టడానికి నెలల కొద్దీ పట్టింది. సీమోర్ క్రే తన యంత్రంలో ఎలక్ట్రానిక్స్‌తో సమానంగా చల్లార్పుకూ శ్రమపడ్డాడు.

1980 నవంబరులో ఐబీఎం ప్రకటించిన 3081 మరో దారి పట్టింది. 9 సెంటీమీటర్ల చదరపు పింగాణీ పలక మీద వందకు పైగా చిప్పులు. ప్రతి చిప్పు వీపును స్ప్రింగు బిగించిన చిన్న అల్యూమినియం పిస్టను మెల్లగా తాకుతూ ఉంటుంది. చిప్పులు కొద్దిగా ఎత్తుపల్లాలుగా ఉన్నా స్ప్రింగు సర్దుకుంటుంది, చిప్పు మీద ఒత్తిడి పడదు. పిస్టనుకూ గోడకూ మధ్య సన్నటి సందుల్లో గాలి బదులు హీలియం నింపారు. హీలియం వేడిని గాలికన్నా దాదాపు ఆరు రెట్లు బాగా మోస్తుంది. పైన నీళ్లు పారే పలక. ఇంత చిన్న పెట్టె 300 వాట్ల వరకు వేడిని బయటికి పంపగలిగింది.

1985లో వచ్చిన క్రే-2లో బోర్డులను ఒకదానిమీద ఒకటి దగ్గరగా పేర్చేసరికి గాలికి గానీ రాగిపలకకు గానీ చోటు మిగల్లేదు. యంత్రాన్ని మొత్తంగా 3ఎం కంపెనీ తయారుచేసే ఫ్లోరినర్ట్ ద్రవంలో ముంచారు. ఫ్లోరిన్ ఉన్న ఈ నూనెలాంటి ద్రవం కరెంటును పారనివ్వదు, లోహాన్ని తినదు. పక్కన పారదర్శకపు తొట్లలో ఆ ద్రవం జలపాతంలా దూకుతూ కనిపించేది. అంతకుముందే, 1981లో స్టాన్‌ఫర్డ్‌లో టకర్‌మన్, పీజ్ సిలికాన్ వీపునే సన్నటి కాలువలుగా చెక్కి నీళ్లు పారించి, చదరపు సెంటీమీటరుకు 790 వాట్లను చల్లార్చి చూపారు. అంత వేడి పుట్టించే చిప్పులు అప్పట్లో లేవు. ఆ ప్రయోగం తన కాలానికి చాలా ముందు పుట్టింది.

సీమాస్: రెండో తెరిపి, రెండో తిరుగుబాటు

సీమాస్ చిప్పుల్లో ట్రాన్సిస్టర్ సున్నా నుంచి ఒకటికి, ఒకటి నుంచి సున్నాకు మారినప్పుడే ముఖ్యంగా కరెంటు ఖర్చవుతుంది. ఊరుకున్నప్పుడు దాదాపు ఏమీ తినదు. మొదట్లో ఇది బైపోలార్ కన్నా నెమ్మది, కానీ 1990ల నాటికి ఆ లోటు పూడింది. 1994లో ఐబీఎం సీమాస్ మెయిన్‌ఫ్రేమ్‌లను తెచ్చినప్పుడు నీటి గొట్టాలు పోయి మళ్లీ ఫ్యాన్లు వచ్చాయి.

1965 ఏప్రిల్‌లో గోర్డన్ మూర్ తన ప్రసిద్ధ వ్యాసంలో చిప్పు మీద భాగాలు ఏటేటా ఎలా పెరుగుతాయో చెబుతూ వేడి ప్రశ్ననూ ప్రస్తావించాడు. చిప్పు బల్లపరుపుగా ఉంటుంది కనుక వేడి పుట్టిన ప్రతిచోటికీ ఉపరితలం దగ్గరే ఉంటుందని అతడి వాదం. 1974లో ఐబీఎంకు చెందిన రాబర్ట్ డెనార్డ్ బృందం దీనికి లెక్కల ఆధారం ఇచ్చింది: ట్రాన్సిస్టర్ కొలతలతో పాటు వోల్టేజీని కూడా అదే నిష్పత్తిలో తగ్గిస్తే, చదరపు మిల్లీమీటరుకు పుట్టే వేడి మారదు. సీమాస్‌లో వేడి వోల్టేజీ వర్గాన్ని అనుసరిస్తుంది కనుక ఈ లెక్క నిలిచినంతకాలం వేగం ఊరికే దొరికింది.

వోల్టేజీ తగ్గింపుకు మాత్రం హద్దుంది. 1993లో వచ్చిన 66 మెగాహెర్ట్‌జ్ పెంటియమ్ ఇంకా 5 వోల్టులతోనే నడిచి 16 వాట్ల దాకా వేడి వదిలేది. ఇంటి కంప్యూటర్ ప్రాసెసర్ మీద హీట్‌సింక్, ఫ్యాను మామూలైంది అప్పటి నుంచే. వోల్టేజీ ఒక వోల్టు చేరువకు వచ్చేసరికి ట్రాన్సిస్టర్ పూర్తిగా ఆగడం మానేసి, ఊరుకున్నప్పుడు కూడా కరెంటు కార్చసాగింది. 2001 ఫిబ్రవరిలో ఇంటెల్ సాంకేతిక అధికారి పాట్ గెల్సింగర్ ఒక సదస్సులో, ఇదే ధోరణి సాగితే చిప్పు మీద వేడి సాంద్రత అణురియాక్టరునూ రాకెట్ నాజిల్‌నూ దాటి సూర్యుడి ఉపరితలానికి చేరుతుందని హెచ్చరించాడు. 2004లో వచ్చిన పెంటియమ్ 4 ప్రెస్కాట్ ప్రాసెసర్లు 100 వాట్లు దాటాయి. దాని తర్వాతిదిగా అనుకున్న తేజస్‌ను ఇంటెల్ ఆ ఏడాది మేలో రద్దు చేసింది. మరుసటి ఏడాది నుంచి వేగం పెంచడం మాని ఒకే చిప్పులో రెండు, నాలుగు కోర్లు పెట్టడం మొదలైంది. నేటి కంప్యూటర్లలో కోర్ల సంఖ్య పెరుగుతూ గిగాహెర్ట్‌జ్ అంతగా పెరగకపోవడానికి మూలకారణం వేడే.

ప్రాసెసర్ వేడిని అది పుట్టిన చోటి నుంచి ఫ్యాను ఉన్న చోటికి చేర్చడానికి హీట్‌పైపు అక్కరకొచ్చింది. ఆ ఆలోచనకు 1942లోనే జనరల్ మోటార్స్‌కు చెందిన రిచర్డ్ గాగ్లర్ పేటెంటు కోరాడు, ఎవరూ పట్టించుకోలేదు. 1963లో లాస్ అలమోస్‌లో జార్జ్ గ్రోవర్ దాన్ని అంతరిక్ష అవసరాల కోసం మళ్లీ కనిపెట్టాడు. గాలి తీసేసి కొద్దిగా నీళ్లు పోసి మూసిన రాగి గొట్టం అది. లోపలి ఒత్తిడి తక్కువ కనుక నీళ్లు వేడికొసన తేలిగ్గా ఆవిరై, చల్లటికొసకు పోయి మళ్లీ నీళ్లవుతాయి. గోడకున్న జాలీ లాంటి పొర ఆ నీటిని పీల్చుకుని వెనక్కి తెస్తుంది. కదిలే యంత్రం ఒక్కటీ లేదు. ల్యాప్‌టాప్ అడుగు విప్పితే ప్రాసెసర్ నుంచి అంచునున్న ఫ్యాను దాకా చదునుగా సాగే రాగిపట్టీ ఇదే. ఫ్యానుకు చోటులేని ఫోన్లలో గ్రాఫైట్ పలకలు, పలచటి ఆవిరి పెట్టెలు వేడిని ఒంటినిండా పరుస్తాయి. చేతికి చుర్రుమనే స్థితి వచ్చే ముందే ఫోను తన వేగాన్ని తగ్గించుకుంటుంది.

ఏసీ గది నుంచి డేటా సెంటరు దాకా

1967లో హైదరాబాదులో ఏ.ఎస్. రావు నాయకత్వాన మొదలైన ఈసీఐఎల్, 1969 నుంచి టీడీసీ శ్రేణి కంప్యూటర్లను తయారుచేసింది. ఆనాటి నుంచి 1990ల దాకా మన ఆఫీసుల్లో, కాలేజీల్లో కంప్యూటర్ గది అంటే ఏసీ గదే. చెప్పులు గుమ్మం బయటే విడవాలనే నియమం మర్యాద కోసం పెట్టింది కాదు. హీట్‌సింక్ రెక్కల మధ్య దుమ్ము పేరుకుంటే గాలి ఆడదు, భాగం వేడెక్కుతుంది. గది మొత్తాన్ని చల్లబరిచి యంత్రాన్ని అందులో పెట్టడం ఆనాటి పద్ధతి.

ఇంటర్నెట్ పెరిగి సర్వర్లు వేలల్లో ఒకచోట చేరాక ఈ పద్ధతి ఖరీదైపోయింది. 1990లలో ర్యాకుల ముఖాలు ఎదురెదురుగా, వీపులు ఎదురెదురుగా నిలబెట్టి చల్లటి వరస, వేడి వరస వేరుచేశారు. 2000ల చివరికల్లా అమెరికా ఏసీ ఇంజినీర్ల సంఘం సర్వర్లకు చేరే గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉంటే చాలని సిఫారసు చేసింది. గదులను వణికించేంత చల్లగా ఉంచడం వృథా ఖర్చని తేలింది.

కృత్రిమ మేధ గణనలతో మూడో విడత మొదలైంది. 2022 నాటి ఎన్విడియా హెచ్100 చిప్పు ఒక్కటే 700 వాట్ల దాకా తీసుకుంటుంది. 2024లో ఆ కంపెనీ ప్రకటించిన 72 చిప్పుల ర్యాకు దాదాపు 120 కిలోవాట్లు. క్రే-1 మొత్తం యంత్రం తీసుకున్నంత కరెంటు ఇప్పుడు ఒక్క బీరువాలో పారుతోంది. ఇంత వేడిని గాలి మోయలేదు. అదే పరిమాణంలో నీళ్లు గాలికన్నా దాదాపు 3,500 రెట్లు వేడిని పట్టుకుంటాయి. కాబట్టి చిప్పు వీపున నీళ్లు పారే పలకలు, సన్నటి కాలువలు తిరిగొచ్చాయి. సర్వర్లను ద్రవంలో ముంచే పద్ధతిని కూడా మళ్లీ ప్రయత్నిస్తున్నారు. కానీ క్రే-2 నాటి ఫ్లోరిన్ ద్రవాలు పర్యావరణంలో ఎన్నటికీ విచ్ఛిన్నం కావన్న ఆందోళనతో 3ఎం వాటి తయారీని 2025 చివరికి ఆపేస్తామని 2022లో ప్రకటించింది. వాటి స్థానంలో కృత్రిమ నూనెలు వాడుతున్నారు.

చిప్పు నుంచి నీళ్లలోకి ఎక్కిన వేడి చివరికి బయటి వాతావరణంలోకే దిగాలి. చాలా కేంద్రాలు నీటిని ఆవిరిచేసి ఆ పని చేస్తాయి. గాలి ఎంత పొడిగా ఉంటే ఆవిరి ద్వారా అంత చల్లదనం దొరుకుతుంది. అమెజాన్ 2022లో తన క్లౌడ్ కేంద్రాలను నడపడం మొదలుపెట్టిన హైదరాబాదులో వేసవి గాలి పొడిగా ఉంటుంది, కానీ ఆవిరైపోయే నీటిని ఊరి అవసరాలతో పంచుకోవాలి. గూగుల్ 2025లో భారీ కేంద్రాన్ని ప్రకటించిన విశాఖపట్నంలో సముద్రం పక్కనే ఉన్నా గాలిలో తేమ ఎక్కువ కనుక ఆవిరి పద్ధతి అంతగా ఫలించదు. చిప్పులోకి పంపే నీళ్లు 40 డిగ్రీల దాకా వెచ్చగా ఉన్నా పరవాలేదన్న డిజైన్లు ఇలాంటి చోట్ల ఉపయోగపడతాయి. నీళ్లు బయటి గాలికన్నా వేడిగా ఉంటే ఆవిరి చేయకుండానే, రేడియేటర్ ద్వారా గాలికే ఆ వేడిని వదిలెయ్యవచ్చు. 45 డిగ్రీలు తాకే ఎండల్లో మాత్రం ఆ తేడా కరిగిపోతుంది. ఏడాదిలో ఆ కొద్దిరోజుల కోసం నీటిని చల్లబరిచే చిల్లర్లను సిద్ధంగా ఉంచుకోక తప్పదు.